పనిచోట వేధింపుల నివారణకు అంతర్జాతీయ కృషి

పనిచోట వేధింపు అనగా ఒక ఉద్యోగిని పై అధికారులు గాని, తోటి ఉద్యోగులు గాని, అరుదుగా క్రింది ఉద్యోగులు గాని చాలా కాలం పాటు పదే పదే అవమానించడం, వెలివేయడం, పని చేయనీయకపోవడం లేదా చేసిన పనిని కావాలని తక్కువచేసి చూపడం. ఒకనాడు జరిగిన తగవు, సమ ఉజ్జీల మధ్య వాదులాట సాధారణంగా దీని క్రిందికి రావు. బాధితుడు తనను తాను కాపాడుకోలేని స్థితికి నెట్టబడటమే దీని ముఖ్య లక్షణం. ఇందులో కొట్టడం, బెదిరించడం వంటివి తక్కువ. పలకరించకపోవడం, సమావేశానికి పిలవకపోవడం, అసలు పనే ఇవ్వకపోవడం వంటివి ఎక్కువ. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. అందువలన బాధితుడు ఫిర్యాదు చేసినా రుజువు చేయడం కష్టమవుతుంది.

1980 దశకంలో స్వీడన్‌లో దీనిపై శాస్త్రీయ అధ్యయనం మొదలైనది. ఆ తరువాత వివిధ దేశాల మనస్తత్వ శాస్త్రవేత్తలు, వైద్యులు, న్యాయశాస్త్ర నిపుణులు, పాత్రికేయులు, కార్మిక సంఘాలవారు కలసి పనిచేయడం వలన ఈ సమస్యకు ఒక నిర్వచనం, ఒక కొలత, చివరకు 2019లో ఒక అంతర్జాతీయ ఒప్పందం ఏర్పడినవి. ఏ ఒక్క వృత్తివారూ దీనిని ఒంటరిగా సాధించగలిగేవారు కాదు. వైద్యుల వద్ద రోగులు ఉన్నారు గాని లెక్కలు లేవు. శాస్త్రవేత్తల వద్ద లెక్కలు ఉన్నవి గాని అధికారం లేదు. న్యాయస్థానాలకు అధికారం ఉన్నది గాని, జరిగినదానికి చట్టంలో పేరు లేదు.

పేరు

ఈ సమస్యకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క పేరు ఉన్నది. స్వీడన్, జర్మనీ, ఇటలీ దేశాలలో మాబింగ్ అని, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియాలలో బుల్లీయింగ్ అని, ఫ్రాన్సులో నైతిక వేధింపు అని అంటారు. జపానులో పవర్ హరాస్‌మెంట్ అన్న ఆంగ్ల మాటలను కుదించి పవహరా అన్నారు. దక్షిణ కొరియాలో అధికారం ఉన్నవాడు లేనివాడిపై చేసే పెత్తనానికి గప్‌జిల్ అని పేరు.

ఇది కేవలం మాటల తేడా కాదు. మాబింగ్ అన్నప్పుడు ఒక గుంపు ఒకరి మీద పడటం స్ఫురిస్తుంది. బుల్లీయింగ్ అన్నప్పుడు ఒక దుష్టుడైన అధికారి గుర్తుకు వస్తాడు. పవహరాలో అధికారమే ప్రధానం. స్కాండినేవియా దేశాల సర్వేలలో వేధించేవారిలో తోటి ఉద్యోగులు, పై అధికారులు దాదాపు సమానంగా కనిపించగా, బ్రిటన్‌లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది పై అధికారులే అని తేలినది. కనుక ఒక దేశపు నిర్వచనాన్ని మరొక దేశానికి ఉన్నదున్నట్లు తీసుకొనిపోవడం మొదటినుండీ చిక్కుగానే ఉన్నది.

మాబింగ్ అన్న పదం జంతు శాస్త్రం నుండి వచ్చినది. చిన్న పక్షులు గుంపుగా చేరి తమకంటే బలమైన శత్రువును తరిమివేయడాన్ని ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ వర్ణించాడు. పగటిపూట బయటపడిన గుడ్లగూబను కాకులు చుట్టుముట్టడం తెలుగువారు ఎరిగిన దృశ్యమే. స్వీడన్ వైద్యుడు పీటర్-పాల్ హైన్‌మన్ ఈ మాటను పాఠశాలలో ఒక పిల్లవానిపై గుంపుగా విరుచుకుపడే పిల్లల ప్రవర్తనకు వాడి 1972లో ఒక పుస్తకం ప్రచురించాడు. అదే కాలంలో డాన్ ఓల్వేయస్ పాఠశాలల్లో బుల్లీయింగ్‌పై పరిశోధన ప్రారంభించాడు. ఆయన నార్వేలోని బెర్గెన్‌లో స్థిరపడటం వలన ఆ నగరం ఈ రంగానికి ఒక కేంద్రమైనది.

తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. వేధింపు అన్న మాటను పత్రికలు ఎక్కువగా లైంగిక వేధింపులకు, వరకట్న వేధింపులకు వాడుతున్నవి. కళాశాలలలో జరిగేదానికి ర్యాగింగ్ అన్న మాట అందరికీ తెలుసు గాని కార్యాలయాలలో జరిగేదానిని ఎవరూ ర్యాగింగ్ అనరు. వాడుకలో టార్చర్ అనీ, పై అధికారి వేధింపులు అనీ చెప్పుకుంటారు. తోటివారు కలసికట్టుగా ఒకరిని వెలివేస్తే దానికి ఈ రెండు మాటలూ సరిపోవు. ఈ వ్యాసంలో పనిచోట వేధింపు అన్న మాట లైంగికేతర వేధింపులను ఉద్దేశించి వాడబడినది.

హైన్జ్ లేమన్ పరిశోధన

పెద్దల పనిచోటుకు మాబింగ్ అన్న పదాన్ని వర్తింపజేసినవాడు హైన్జ్ లేమన్ (1932 - 1999). ఆయన జర్మనీలోని వోల్ఫెన్‌బ్యుటెల్‌లో జన్మించి, 1950 దశకంలో స్వీడన్‌కు వెళ్ళి స్థిరపడ్డాడు. బ్యాంకు దోపిడీలకు గురైన ఉద్యోగుల మానసిక స్థితిని కూడా ఆయన అధ్యయనం చేశాడు. హఠాత్తుగా తుపాకీ చూపించబడిన మనిషికీ, ఏడాదిన్నర పాటు ఎవరూ పలకరించని మనిషికీ కలిగే మానసిక గాయాలు ఒకే కోవకు చెందుతాయని ఆయన గుర్తించాడు.

లేమన్ కంటే ముందే 1976లో అమెరికా మనోరోగ వైద్యుడు కారల్ బ్రాడ్‌స్కీ వేధింపులకు గురైన కార్మికుల గురించి ఒక పుస్తకం వ్రాశాడు. దానిని ఆ కాలంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లేమన్ కృషి నిలబడటానికి కారణం ఆయన కథలతో ఆగకుండా జాబితా తయారు చేయడమే. బాధితులతో జరిపిన సంభాషణల ఆధారంగా 45 రకాల చర్యలను గుర్తించి వాటిని ఐదు వర్గాలుగా విభజించాడు. అవి: మాట్లాడే అవకాశం లేకుండా చేయడం, తోటివారితో సంబంధాలు తెంచడం, పరువు తీయడం, పనిని తీసివేయడం లేదా అర్థంలేని పని అప్పగించడం, ఆరోగ్యానికి హాని కలిగించడం. వీటిలో ఏదైనా ఒకటి కనీసం వారానికి ఒకసారి చొప్పున కనీసం ఆరు నెలల పాటు జరిగితే దానిని మాబింగ్‌గా పరిగణించాలని ఆయన గీత గీశాడు.

ఈ లెక్కన చూడగా స్వీడన్ ఉద్యోగులలో 3.5 శాతం మంది, అనగా 44 లక్షల మందిలో సుమారు 1,54,000 మంది బాధితులని ఆయన అంచనా వేశాడు. వేధింపు సగటున 15 నెలలు సాగినట్లు కూడా ఆ అధ్యయనంలో తేలినది. 1996లో లేమన్, ఆనెలీ గుస్తాఫ్సన్ కలసి స్వీడన్‌లోని ఒక పునరావాస చికిత్సాలయంలో చేరిన 64 మంది రోగుల వివరాలను ప్రచురించారు. అదే సంవత్సరం జర్మనీకి చెందిన డీటర్ జాప్ఫ్‌తో కలసి ఆయన సంపాదకత్వం వహించిన ఐరోపా మనస్తత్వ శాస్త్ర పత్రిక ప్రత్యేక సంచిక ఈ అంశంపై వివిధ దేశాల పరిశోధకులను మొదటిసారి ఒకచోట చేర్చిన వాటిలో ఒకటి.

బాధితుని స్వభావానికి వేధింపుతో ఏమీ సంబంధం లేదనీ, పని అమరిక సరిగా లేకపోవడమే కారణమనీ లేమన్ గట్టిగా వాదించేవాడు. తరువాతి పరిశోధకులు ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేదు. అయితే బాధితుడినే తప్పుపట్టే అలవాటు బలంగా ఉన్న ఆ రోజులలో ఈ మొండితనం అవసరమే అయి ఉండవచ్చు.

ఆయన పరిశోధన ఫలితంగా స్వీడన్ 1993లో పనిచోట వేధింపులపై ప్రత్యేక నిబంధన జారీ చేసినది. 1994 మార్చి 31 నుండి అమలులోకి వచ్చిన ఈ నిబంధన ప్రపంచంలో ఈ విషయంపై వచ్చిన మొదటి చట్టరూపంగా పేరు పొందినది. యజమాని వేధింపును ముందుగానే నివారించాలని, సంకేతాలు కనిపించగానే జోక్యం చేసుకోవాలని ఇది చెప్పినది గాని, బాధితునికి నష్టపరిహారం ఇప్పించే ఏర్పాటు ఇందులో లేదు. దీని స్థానంలో 2016లో మరింత విశాలమైన నిబంధనలు వచ్చినవి. క్రోకొమ్ పురపాలక సంఘంలో ఒక సామాజిక సేవా ఉద్యోగి 2010లో ఆత్మహత్య చేసుకున్న కేసులో క్రింది న్యాయస్థానం 2014లో ఇద్దరు అధికారులను దోషులుగా నిర్ధారించగా, పై న్యాయస్థానం 2015లో వారిని విడుదల చేసినది. మొదట నిబంధన చేసిన దేశంలోనే శిక్ష నిలబడకపోవడం గమనార్హం.

కొలత

వేధింపును కొలవడం ఎలా అన్నది ఈ రంగంలో చాలా కాలం చర్చనీయాంశమైనది. మిమ్మల్ని వేధిస్తున్నారా అని సూటిగా అడిగితే కొందరు సిగ్గుతో కాదంటారు. కొందరు చిన్న తగవును కూడా వేధింపు అంటారు. ఈ చిక్కును తీర్చడానికి బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టోలె ఐనార్సెన్, ఆయన సహచరులు ఒక ప్రశ్నావళిని రూపొందించారు. ఇందులో వేధింపు అన్న మాటే రాదు. మీ పనికి అవసరమైన సమాచారాన్ని దాచిపెట్టారా, మీ గురించి పుకార్లు పుట్టించారా, సాధ్యం కాని గడువులు విధించారా వంటి ప్రశ్నలు ఉంటాయి. గత ఆరు నెలలలో ఇవి ఎన్నిసార్లు జరిగినవో ఉద్యోగి గుర్తు పెడతాడు. దీని సవరించిన రూపంలో 22 ప్రశ్నలు ఉన్నవి. దానిని నార్వే నుండి వచ్చి ఇంగ్లండులో పనిచేసిన హెల్గె హోయెల్, బెల్జియంకు చెందిన గీ నోటెలర్స్‌తో కలసి ఐనార్సెన్ 2009లో ప్రచురించాడు. తరువాత ఇది అనేక భాషలలోకి అనువదింపబడి, వేర్వేరు దేశాల లెక్కలను పోల్చడానికి సాధనమైనది.

బ్రిటన్‌లో హోయెల్, కేరీ కూపర్ 2000లో 5,288 మంది ఉద్యోగులను ప్రశ్నించగా, గత ఆరు నెలలలో తాము వేధింపుకు గురైనట్లు 10.6 శాతం మంది చెప్పారు. గత ఐదేళ్ళను లెక్కలోకి తీసుకొంటే ఈ సంఖ్య నాలుగింట ఒక వంతుకు చేరినది. 2010లో బెర్గెన్ పరిశోధకులు వివిధ దేశాలలో 1,30,973 మందిపై జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. మొత్తం మీద 14.6 శాతం వచ్చినది. అంతకంటే ముఖ్యమైన విషయం, అడిగే పద్ధతిని బట్టి సంఖ్య మారడం. నిర్వచనం చదివి వినిపించి అడిగితే 11.3 శాతం, చర్యల జాబితా ఇచ్చి అడిగితే 14.8 శాతం, నిర్వచనం లేకుండా అడిగితే 18.1 శాతం మంది బాధితులుగా తేలారు. కనుక పత్రికలలో కనిపించే శాతాలను చూసి ఒక దేశం కంటే మరొక దేశం మంచిదని తీర్మానించడం తగదు.

ఆరోగ్యంపై ప్రభావం గురించి కూడా ఉమ్మడి అధ్యయనాలు జరిగినవి. డెన్మార్క్, స్వీడన్ దేశాలలో 79,201 మంది ఉద్యోగుల వివరాలను ఆసుపత్రి రికార్డులతో కలిపి పరిశీలించగా, వేధింపుకు గురైనవారికి గుండె, రక్తనాళాల జబ్బులు వచ్చే ప్రమాదం ఇతరులకంటే 1.59 రెట్లు ఉన్నట్లు 2018లో ప్రచురించిన పరిశోధనలో తేలినది. మానసిక ఆరోగ్యం విషయంలో సంబంధం రెండువైపులా ఉన్నది. వేధింపు వలన కుంగుబాటు వస్తుంది, కుంగుబాటుతో ఉన్నవారు వేధింపుకు గురయ్యే అవకాశమూ ఎక్కువ.

పాత్రికేయులు, వైద్యులు, న్యాయవాదులు

బ్రిటన్‌లో ఈ విషయాన్ని ప్రజల దృష్టికి తెచ్చినది పాత్రికేయురాలు ఆండ్రియా ఆడమ్స్. 1980 దశకం చివరిలో ఆమె బీబీసీ రేడియోలో కార్యక్రమాలు చేసినది. 1992లో ఆమె వ్రాసిన పుస్తకం బ్రిటన్‌లో ఈ అంశంపై వచ్చిన తొలి పుస్తకాలలో ముఖ్యమైనది. ఆమె 1995లో మరణించగా ఆమె పేరుతో 1997లో ఒక ధర్మసంస్థ ఏర్పడినది. టిమ్ ఫీల్డ్ తన స్వీయ అనుభవంతో 1996లో సలహా టెలిఫోను ప్రారంభించాడు. ఆయన 2006లో మరణించాడు.

ఇటలీలో కృషి వైద్యశాల నుండి మొదలైనది. మిలాన్‌లోని పురాతన వృత్తివ్యాధుల చికిత్సాలయంలో రెనాటో జిలియోలి బృందం 1996 నుండి పనిచోట దెబ్బతిన్నవారిని ప్రత్యేకంగా పరీక్షించనారంభించినది. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన అవగాహన పుస్తకాన్ని వ్రాసినవారు ఈ బృందమే. జర్మనీ నుండి బొలోన్యాకు వచ్చిన హరాల్డ్ ఏగె, లేమన్ పద్ధతిని ఇటలీకి అన్వయిస్తూ ఒక కొత్త విషయం గమనించాడు. ఇటలీలో బాధితుడు రోజూ ఇంటికి వచ్చి తన గోడు కుటుంబంతో చెప్పుకుంటాడు. కుటుంబం మొదట ఆదరిస్తుంది. కొన్నాళ్ళకు ఆ భారం మోయలేక తానూ దూరం పెడుతుంది. ఏగె దీనికి జంట మాబింగ్ అని పేరు పెట్టాడు. ఉమ్మడి కుటుంబపు ఛాయలు మిగిలిన తెలుగు ప్రాంతాలకు ఈ పరిశీలన పరాయిగా అనిపించదు.

ఫ్రాన్సులో మనోరోగ వైద్యురాలు మరీ-ఫ్రాన్స్ ఇరిగోయెన్ 1998లో వ్రాసిన పుస్తకం విశేష ఆదరణ పొంది, 2002 చట్టానికి దారి తీసినది. అమెరికాలో బోస్టన్‌కు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ యమదా ఒక నమూనా బిల్లు తయారు చేశాడు. అది 2003లో కాలిఫోర్నియాలో మొదట ప్రవేశపెట్టబడినది. ఆ తరువాత అనేక రాష్ట్రాలలో ప్రవేశపెట్టినా నమూనా బిల్లు పూర్తి రూపంలో ఆమోదం పొందలేదు. అమెరికా పాలనలోని ప్యూర్టోరికో మాత్రం 2020లో సొంత చట్టం చేసుకొన్నది.

ఈ విధంగా విడివిడిగా పనిచేస్తున్నవారు కలవడానికి అంతర్జాతీయ సమావేశాలు దోహదం చేసినవి. 1998లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుల సమావేశం జరిగినది. తరువాత బెర్గెన్ (2004), డబ్లిన్ (2006), మాంట్రియల్ (2008) నగరాలలో సమావేశాలు జరిగినవి. మాంట్రియల్ సమావేశంలోనే పనిచోట వేధింపులపై అంతర్జాతీయ సంఘం స్థాపింపబడినది. 2003లో ఐనార్సెన్, హోయెల్, జాప్ఫ్, కూపర్ నలుగురూ కలసి సంపాదకత్వం వహించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథమై, 2011లోను, 2020లోను తిరిగి వెలువడినది.

ఆరోగ్య రంగంలో ఉమ్మడి కార్యక్రమం

వృత్తి సంఘాలు నేరుగా చేతులు కలిపిన సందర్భాలలో ఆరోగ్య రంగ కార్యక్రమం ముఖ్యమైనది. 2000లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ నర్సుల మండలి, ప్రభుత్వ రంగ ఉద్యోగుల అంతర్జాతీయ సమాఖ్య కలసి దీనిని ప్రారంభించినవి. అప్పటివరకు పరిశోధన అంతా సంపన్న దేశాలలోనే జరిగినది. ఈ కార్యక్రమం బ్రెజిల్, బల్గేరియా, లెబనాన్, పోర్చుగల్, దక్షిణాఫ్రికా, థాయిలాండ్‌లలో ఒకే నమూనాతో సర్వేలు జరిపించినది. గత ఒక్క సంవత్సరంలో వేధింపుకు గురైనట్లు బల్గేరియాలో 30.9 శాతం, లెబనాన్‌లో 22.1 శాతం, దక్షిణాఫ్రికాలో 20.6 శాతం, థాయిలాండ్‌లో 10.7 శాతం ఆరోగ్య సిబ్బంది చెప్పారు. ఆసుపత్రిలో హింస అంటే రోగి బంధువులు వైద్యులపై చేసే దాడి అని మాత్రమే అనుకునేవారికి ఈ ఫలితాలు ఆశ్చర్యం కలిగించినవి. మాటలతోను, మౌనంతోను జరిగే హింస చేతులతో జరిగేదానికంటే విస్తృతమని తేలినది. 2002లో ఈ నాలుగు సంస్థలూ ఉమ్మడి మార్గదర్శకాలు విడుదల చేసినవి.

వివిధ దేశాల చట్టాలు

ఫ్రాన్సు, బెల్జియం 2002లోను, కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 2004లోను చట్టాలు చేసినవి. ఉత్తర అమెరికాలో మొదటిది క్విబెక్ చట్టమే. 2007లో ఐరోపా స్థాయిలో యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు కలసి ఒక ఒప్పందంపై సంతకాలు చేసినవి. ఆస్ట్రేలియాలో 2014 జనవరి నుండి ఉద్యోగి నేరుగా జాతీయ కార్మిక న్యాయమండలికి వెళ్ళి వేధింపు ఆపమని ఉత్తర్వు కోరవచ్చును. ఈ పద్ధతిలో పరిహారం రాదు, కాని ఉద్యోగం పోకముందే సహాయం అందుతుంది. దక్షిణ కొరియాలో 2019 జూలైలోను, జపానులో 2020 జూన్‌లో పెద్ద సంస్థలకు, 2022 ఏప్రిల్‌లో చిన్న సంస్థలకు చట్టాలు అమలులోకి వచ్చినవి.

ఫ్రాన్స్ టెలికామ్ కేసు

చట్టాలలో ఎక్కువ భాగం వేధించే వ్యక్తిని దృష్టిలో పెట్టుకొని వ్రాయబడినవి. ఒక సంస్థ విధానమే వేధింపు అయితే ఏమి చేయాలన్న ప్రశ్నకు ఫ్రాన్స్ టెలికామ్ కేసు సమాధానం ఇచ్చినది.

ప్రభుత్వ సంస్థగా ఉన్న ఈ టెలిఫోను కంపెనీ ప్రైవేటు పరమైన తరువాత 2006లో ఒక ప్రణాళిక ప్రకటించినది. మూడేళ్ళలో 22,000 ఉద్యోగాలు తగ్గించాలి, 10,000 మందిని వేరే పనులకు మార్చాలి. ఉద్యోగులలో చాలామంది ప్రభుత్వోద్యోగ హోదా కలవారు కనుక వారిని తొలగించడం వీలుకాదు. వారంతట వారే వెళ్ళిపోయేలా చేయడమే మిగిలిన మార్గం. తరచుగా బదిలీలు చేయడం, సాంకేతిక నిపుణులను కాల్ సెంటర్లలో కూర్చోబెట్టడం, పని లేకుండా ఖాళీగా వదిలివేయడం జరిగినవి. ఉద్యోగులను వెళ్ళగొట్టిన లెక్కను బట్టి మేనేజర్ల జీతాలలో కొంత భాగం నిర్ణయించబడినది. సంస్థ అధిపతి దిదియే లొంబార్ 2006లో ఉన్నతోద్యోగుల సమావేశంలో, ఉద్యోగులు తలుపు గుండానో కిటికీ గుండానో ఎలాగో ఒకలా వెళ్ళవలసిందేనని అన్నట్లు నమోదైన మాట తరువాత న్యాయస్థానంలో పదే పదే వినిపించినది.

ఉద్యోగుల ఆత్మహత్యలు వరుసగా వెలుగులోకి వచ్చేసరికి 2009 అయినది. అయితే అంతకు రెండేళ్ళ ముందే, 2007లో, రెండు కార్మిక సంఘాలు కలసి పని ఒత్తిడిపై ఒక పరిశీలన కేంద్రాన్ని ఏర్పాటు చేసుకొని ఉన్నవి. సామాజిక శాస్త్రవేత్తలు, గణాంక నిపుణులు, వైద్యులు దానికి తోడ్పడ్డారు. 2009లో ఒక స్వతంత్ర సంస్థ జరిపిన సర్వేకు సుమారు 80,000 మంది ఉద్యోగులు సమాధానాలు పంపారు. కార్మిక శాఖ తనిఖీ అధికారిణి 2010లో ఇచ్చిన నివేదిక కేసుకు పునాది అయినది. ఇంత పెద్ద కేసును ఒక్కొక్క బాధితుని కథగా చూసి ఉంటే ఒక్కొక్కటీ కుటుంబ సమస్యగానో, బలహీన స్వభావంగానో కొట్టివేయబడి ఉండేది.

విచారణ 2019లో పారిస్‌లో జరిగినది. 39 మంది బాధితుల వివరాలు న్యాయస్థానం పరిశీలించినది. వారిలో 19 మంది ఆత్మహత్య చేసుకొన్నారు, 12 మంది ప్రయత్నించారు, 8 మంది తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యారు. 2019 డిసెంబరు 20న లొంబార్‌కు ఒక సంవత్సరం జైలు శిక్ష, 15,000 యూరోల జరిమానా విధించబడినవి. శిక్షలో ఎనిమిది నెలలు నిలిపివేయబడినవి. సంస్థకు అప్పటి చట్టం అనుమతించిన గరిష్ట మొత్తమైన 75,000 యూరోల జరిమానా పడినది. 2022లో అప్పీలు న్యాయస్థానం జైలు శిక్షను పూర్తిగా నిలిపివేసినా నేరాన్ని ధ్రువీకరించినది. 2025 జనవరి 21న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం కూడా తీర్పును సమర్థించినది. వేధించినవాడికి బాధితునితో ముఖపరిచయం కూడా లేకపోయినా, సంస్థాగత నైతిక వేధింపు నేరమవుతుందని దీనితో స్థిరపడినది. జరిమానా మొత్తాలు అంత పెద్ద సంస్థకు లెక్కలోనివి కావు. తీర్పు విలువ ఈ సూత్రంలోనే ఉన్నది.

190వ ఒప్పందం

అంతర్జాతీయ కార్మిక సంస్థ తన శతాబ్ది సంవత్సరంలో, 2019 జూన్ 21న జెనీవాలో, హింస మరియు వేధింపులపై 190వ ఒప్పందాన్ని ఆమోదించినది. అనుకూలంగా 439 ఓట్లు, వ్యతిరేకంగా 7 ఓట్లు వచ్చినవి, 30 మంది తటస్థంగా ఉన్నారు. మొదట ఉరుగ్వే, తరువాత ఫిజీ ఆమోదించడంతో 2021 జూన్ 25న అమలులోకి వచ్చినది. 2024 చివరి నాటికి 40కి పైగా దేశాలు దీనిని ఆమోదించినవి. భారతదేశం అప్పటికి ఆమోదించలేదు.

ఈ ఒప్పందపు నిర్వచనం లేమన్ గీసిన గీతను దాటినది. ఒక్కసారి జరిగినా, పదే పదే జరిగినా, శారీరక, మానసిక, లైంగిక లేదా ఆర్థిక హాని కలిగించేది, కలిగించగలిగేది ఏదైనా దీని పరిధిలోకి వస్తుంది. రాతపూర్వక ఒప్పందం లేని కూలీలు, శిక్షణలో ఉన్నవారు, ఉద్యోగం కోసం దరఖాస్తు చేసినవారు కూడా రక్షణ పొందుతారు. కార్యాలయానికి వెళ్ళే దారి, యజమాని ఇచ్చిన వసతి గృహం, ఫోను సందేశాలు కూడా పనిచోటులో భాగమే. పరిశోధకులలో కొందరికి ఈ విస్తృతి నచ్చలేదు. ఆరు నెలల పాటు సాగిన హింసనూ, ఒకనాటి దురుసుతనాన్నీ ఒకే పేరు క్రింద చేరిస్తే కొలత పలుచబడుతుందని వారి భయం. ఆరు నెలలు ఆగమని బాధితునికి చెప్పడం చట్టం పని కాదని న్యాయవాదుల సమాధానం. రెండు వాదాలూ వాటి వాటి వృత్తులకు తగినవే.

2021లో 121 దేశాలలో సుమారు 75,000 మందితో జరిపిన సర్వేలో, తమ ఉద్యోగ జీవితంలో ఏదో ఒక రూపంలో హింసను లేదా వేధింపును ఎదుర్కొన్నట్లు 22.8 శాతం మంది చెప్పారు. మానసిక వేధింపు ఎదుర్కొన్నవారు 17.9 శాతం. బాధితులలో సుమారు సగం మంది మాత్రమే ఎవరో ఒకరికి ఆ విషయం చెప్పుకున్నారు.

భారతదేశంలో

భారతదేశంలో పనిచోట లైంగిక వేధింపులపై 1997 నాటి విశాఖా తీర్పు, 2013 చట్టం ఉన్నవి. కులం పేరుతో దూషించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం క్రిందికి వస్తుంది. విద్యాసంస్థలలో ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ 1997లోనే చట్టం చేసినది. ఈ మూడింటిలోకీ రాని వేధింపుకు, అనగా లింగభేదం, కులం ప్రసక్తి లేకుండా ఒక ఉద్యోగిని నెలల తరబడి నలిపివేయడానికి, ప్రత్యేక చట్టం లేదు. మొదటి సంవత్సరం విద్యార్థికి సీనియర్ల నుండి లభించే రక్షణ, అదే విద్యార్థి ఉద్యోగంలో చేరిన తరువాత పై అధికారి నుండి లభించడం లేదు.

ఈ అంశంపై భారతదేశంలో ముఖ్యమైన పరిశోధన చేసినవారు అహ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు చెందిన ప్రెమిలా డిక్రూజ్, ఎర్నెస్టో నొరోన్యా. డిక్రూజ్ అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేసినది. బ్రిటన్‌కు చెందిన షార్లెట్ రేనర్‌తో కలసి ఆమె ఆరు భారతీయ నగరాలలోని కాల్ సెంటర్లు, సంబంధిత సంస్థల ఉద్యోగులు 1,036 మందిపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడినది. అందులో 44.3 శాతం మంది వేధింపును ఎదుర్కొన్నట్లు తేలినది.

విదేశీ ఖాతాదారులకు సేవలందించే కాల్ సెంటర్లను పరిశీలించి డిక్రూజ్, నొరోన్యా వ్యక్తిరహిత వేధింపు అనే భావనను ప్రతిపాదించారు. ఇక్కడ టీమ్ లీడర్‌కు ఉద్యోగిపై పగ ఉండదు. కాల్‌కు ఇన్ని సెకన్లు, విరామానికి ఇన్ని నిమిషాలు అన్న లెక్కను అమలు చేయడానికే అతడు అందరిముందు కేకలు వేస్తాడు, పేరును బోర్డుపై వ్రాస్తాడు. ఆ లెక్క సముద్రం అవతల ఉన్న ఖాతాదారు సంస్థతో కుదిరిన ఒప్పందం నుండి వచ్చినది. ఉద్యోగులు కూడా తాము కార్మికులం కామనీ, ప్రొఫెషనల్స్ అనీ భావించి దానిని భరిస్తారు, యూనియన్‌కు దూరంగా ఉంటారు. ఫోనులో అవతలివాడు యాసను వెక్కిరించి, జాతి పేరుతో తిట్టినా కాల్ పెట్టివేసే స్వేచ్ఛ చాలాచోట్ల ఉండదు. వేధించినవాడు ఒక దేశంలోను, వేధింపబడినవాడు మరొక దేశంలోను ఉన్నప్పుడు ఏ దేశపు చట్టం వర్తించాలన్నది తేలని ప్రశ్న. ఇటువంటి సంస్థలు పెద్దసంఖ్యలో ఉన్న హైదరాబాదు వంటి నగరాలకు ఇది దూరపు సమస్య కాదు.

విదేశాలలో పనిచేసే తెలుగువారి విషయంలో వీసా ఒక అదనపు చిక్కు. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్నవారు ఉద్యోగం పోతే, 2017 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం గరిష్టంగా 60 రోజులలో వేరే యజమానిని వెతుక్కోవాలి లేదా దేశం విడిచి వెళ్ళాలి. గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల కార్మికులు కఫాలా పద్ధతిలో యజమాని పూచీపై ఉండేవారు. ఖతార్ 2020లో ఈ పద్ధతిని సడలించి, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించినది. వేధింపుకు గురైన ఉద్యోగి మొదట చేయగలిగిన పని అక్కడినుండి బయటపడటం. అనేక దేశాల సర్వేలలో బాధితులు ఎక్కువగా ఎన్నుకొన్న మార్గాలలో అదొకటి. యజమానితో ముడిపడిన వీసాపై ఉన్నవానికి ఆ మార్గం కూడా యజమాని చేతిలోనే ఉంటుంది.